ఏడో నియమం

గడియారం మూడు అంతస్తుల మెట్లూ ఎక్కి వచ్చేసరికి పదకొండూ ఇరవై అయింది. అప్పటికే ల్యాబు గుమ్మంలో శిష్యుడు నిలబడి ఉన్నాడు. ఆ వీపు చూడగానే గడియారం చివరి మెట్టు మీదే ఆగిపోయాడు.

గడియారం అసలు పేరేం కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న ముప్ఫయ్యేళ్ళూ ఏ కేసులోనైనా అతను మొదట అడిగేది "ఎన్నింటికి?" అనే. అందుకని స్టేషన్లో ఆ పేరు పెట్టారు. రిటైరై సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక కూడా అది వదల్లేదు. శిష్యుడు ఆ రోజుల్లో కొత్త ఎస్సైగా అతని చేతి కింద చేరాడు. పంచనామా రాయడం దగ్గర్నుంచి సాక్షి ముందు ఎప్పుడు నోరు మూసుకోవాలో దాకా అన్నీ గడియారమే నేర్పాడు. ఇప్పుడు శిష్యుడు సైబర్ నేరాల విభాగానికి అధికారి. పోయిన నెల పేపర్లో అతని ఇంటర్వ్యూ అరపేజీ వేశారు. గడియారం దాన్ని మూడుసార్లు చదివాడు, తన పేరు ఎక్కడైనా ఉందేమోనని. చివర్లో "నాకు పని నేర్పిన పెద్దలందరికీ కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క ఉంది. ఆ అందరిలో తనూ ఉన్నాడులే అని సర్దుకోలేక, ఆ రోజంతా ఇంట్లో ప్రతిదానికీ చిర్రుబుర్రులాడాడు. "కుళ్ళుకుంటే కుళ్ళుకున్నారు గానీ ఆ కాగితం చించకండి, బీరువా అరలో పరుచుకోవాలి," అంది భార్య.

"రండి గురువుగారూ. మీకెందుకు శ్రమ, కబురు పెడితే నేనే ఫోన్ చేసి చెప్పేవాణ్ణిగా. కేసు దాదాపు అయిపోయింది," అన్నాడు శిష్యుడు.

గురువుగారూ అన్న పిలుపులో వెటకారం లేదు. అదే గడియారానికి మరీ మంట. వెటకారం ఉంటే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది.

గడియారం వరండాలో బల్ల మీద కూర్చున్న పిచ్చుక దగ్గరికి వెళ్ళాడు. పిచ్చుక అతని ప్రాణస్నేహితుడి కూతురు. చిన్నప్పుడు అన్నం మెతుకులు ఏరుకుని తినేదని తండ్రి పెట్టిన పేరు, ముప్ఫై ఒకటో ఏట కూడా ఇంట్లో అదే. మూడు గంటలకి ఆమె పీహెచ్‌డీ వైవా. ఆరేళ్ళ చాకిరీ ఆ గంటలో తేలిపోవాలి. పొద్దున ఎనిమిదీ నలభైకి ఆ ఆరేళ్ళ మీద ఎవరో బురద జల్లారు.

జరిగింది గడియారం ఫోన్లోనే విన్నాడు, అయినా మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇళ్ళల్లో పాడైన మిక్సీలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు సొంతంగా బాగుచేసుకునేవాళ్ళు ఆన్‌లైన్లో ఒకరినొకరు సలహాలడిగే వేదిక ఒకటి ఉంది. అందులోంచి పన్నెండు వేల జవాబులు తీసుకుని, ఏది సాయం, ఏది వైరం అని పిచ్చుక విడగొట్టింది. ఈ పనికి ఒక పద్ధతుంది. ఒకే జవాబుని ఇద్దరు మనుషులు, ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా, విడివిడిగా చదివి గుర్తు పెట్టాలి. ఇద్దరివీ చాలావరకు కలిస్తేనే ఆ లెక్కకి విలువ. మొదటి గుర్తు పిచ్చుకది. రెండో గుర్తు పెట్టిన అమ్మాయిని ల్యాబులో అందరూ రెండో పెన్సిల్ అంటారు.

ఇవాళ పొద్దున ఆ రెండో పెన్సిల్ కంప్యూటర్ నుంచి ఒక మెయిల్ వెళ్ళింది. ఇద్దరు పరీక్షకులకీ, విభాగం పెద్దకీ, పిచ్చుక గైడు ప్రొఫెసరు గారికీ. రెండో గుర్తులన్నీ బూటకం, మొదటివాటిని చూసి ఎక్కించినవి అని అందులో ఉంది. రుజువుగా ఒక జాబితా జతచేశారు. మూడు వందల జవాబుల్లో ఇద్దరి గుర్తులూ అచ్చుగుద్దినట్టు ఒక్కటే, పొరపాట్లతో సహా. ఎనిమిదీ నలభై నాలుగుకి ల్యాబులో ఉన్న అసలు గుర్తుల ఫైలు చెరిగిపోయింది, విభాగం పెద్ద సైబర్ పోలీసుల్ని పిలిపించాడు. మధ్యాహ్నం రెండింటి లోపల అసలు గుర్తులు చూపిస్తే సరి, లేకపోతే వైవా రద్దు చేసి మోసం కింద విచారణ వేస్తామని విభాగం పెద్ద చెప్పేశాడు. ఆ ముద్ర ఒకసారి పడితే ఇక ఏ కాలేజీలోనూ కాలు పెట్టనివ్వరు.

"ముల్లుగాడే బాబాయ్ ఇది కూడా," అంది పిచ్చుక. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

ముల్లు సంగతి గడియారానికి మూడు వారాలుగా తెలుసు. పిచ్చుక తన థీసిస్ ముసాయిదాలు పెట్టుకునే పేజీ కింద ఎనిమిది నెలలుగా ఆ పేరుతో ఎవరో విషం కక్కుతున్నారు. మొత్తం నలభై మూడు సందేశాలు. అన్నీ అచ్చు తీసి సంచీలో పెట్టుకు తిరుగుతున్నాడు. "ఆరేళ్ళ ఊకదంపుడు. ఇంత మొద్దుబుర్రకి పరిశోధనొకటా? మూడో అధ్యాయంలో రెండో పట్టిక మొత్తాలు కలవడం లేదు." "సిగ్గులేని రాత. ఉపోద్ఘాతం నాలుగు పేజీలు తగ్గిస్తే చదివేవాళ్ళు బతుకుతారు." అన్నీ ఇదే వరస. చదివినప్పుడల్లా ఎక్కడో ఏదో తేడాగా ఉందని గడియారానికి అనిపించేది. అదేమిటో చేతికి చిక్కలేదు.

ల్యాబు చిన్నది. గోడవార రెండు బల్లలు, రెండింటి మధ్య ఎత్తైన చెక్క తెర. గుర్తులు పెట్టేటప్పుడు ఒకరి కంప్యూటరు ఒకరికి కనపడకుండా దాన్ని నిలబెట్టారు. రెండో పెన్సిల్ తన కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. గడియారం ఎదురు కుర్చీ లాక్కున్నాడు. శిష్యుడు గుమ్మంలోంచి కదల్లేదు.

ఎన్నింటికి వచ్చావని అడిగాడు. ఎనిమిదీ ముప్ఫై ఒకటికి కార్డు గీకి లోపలికి వచ్చానంది. వైవా కాపీలు అచ్చు తీయడానికి వచ్చింది, అరవై రెండు పేజీలు. ప్రింటరు ఈ గదిలో లేదు, వరండా అటు చివర ఉంది. ఎనిమిదీ ముప్ఫై ఆరుకి అక్కడికి వెళ్ళింది, ఎనిమిదీ నలభై ఏడుకి తిరిగొచ్చింది.

"కంప్యూటరు మూసి వెళ్ళావా?"

"మూయను సార్. ఇక్కడెవరం మూయం. మూస్తే ఆ పూట పెట్టిన గుర్తులన్నీ పోతాయి, మళ్ళీ మొదట్నించీ పెట్టుకోవాలి. అందుకే కుర్చీ మీద చున్నీ వేసి వెళ్తాం. చున్నీ ఉంటే ఎవరూ కూర్చోరు."

"అదొక తాళం," అన్నాడు శిష్యుడు గుమ్మంలోంచి.

రెండో పెన్సిల్ మొహం ఎర్రబడింది. ఆ పద్ధతి ఈ అంతస్తులో ఎవరెవరికి తెలుసని గడియారం అడిగాడు. అందరికీ తెలుసంది.

గడియారం లేచి వరండా చివరికి వెళ్ళాడు. ముసలి ప్రింటరు, దాని పక్కన చేత్తో రాసిన హెచ్చరిక: పదిహేను కాగితాలకొకసారి ఇరుక్కుంటుంది, దగ్గరుండి చూసుకోండి. మీటలు నొక్కుతూ దాని చిట్టా బయటికి తీశాడు. ఎనిమిదీ ముప్ఫై ఏడుకి మొదలు. ముప్ఫై ఎనిమిదికి కాగితం ఇరుక్కుంది, అర నిమిషంలో మళ్ళీ నడిచింది. నలభైకి ఇరుక్కుంది, నడిచింది. నలభై రెండుకి, నలభై నాలుగుకి కూడా అంతే. ఇరుక్కున్న కాగితం దానంతటది ఊడిరాదు, ఎవరో ఒకరు మూత తెరిచి లాగాలి. ఆ ఎవరో మెయిల్ వెళ్ళిన నిమిషంలోనూ, ఫైలు చెరిగిన నిమిషంలోనూ ఇక్కడే నిలబడి ఉన్నారు. ల్యాబు అటు చివర, ప్రింటరు ఇటు చివర.

లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. పిచ్చుక కోసం కాదు. శిష్యుడు ఈ చిట్టా చూడలేదు, తను చూశాడు, అందుకు. అలా అనిపించినందుకు కాస్త సిగ్గుపడ్డాడు గానీ, ఆ చల్లదనాన్ని మాత్రం వదులుకోలేదు.

తిరిగొచ్చి ముల్లు సందేశాల కట్ట రెండో పెన్సిల్ ముందు పెట్టాడు.

"ఇవి నీ పనిలో వచ్చాయనుకో. ఏ గుర్తు పెడతావు?"

అడగడం ఆలస్యం, ఆమె చెయ్యి పెన్సిల్ అందుకుంది. అలవాటు అలాంటిది. ఒక్కొక్కటీ చదువుతూ వైరం, వైరం, వైరం అని గీస్తూ పోయింది. పదో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ మొదటి కాగితానికి వెళ్ళింది. పెదవి కొరుక్కుంది.

"విచిత్రంగా ఉంది సార్. ప్రతిదాంట్లో ఒక సలహా ఉంది. పనికొచ్చే సలహా. పాత లెక్క ప్రకారమైతే ఇవన్నీ సాయం కింద పడాలి."

ఇన్నాళ్ళూ చేతికి చిక్కనిది అదే. గడియారం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఆమె చెప్పింది. గుర్తులు పెట్టడానికి వాళ్ళకో నియమాల పుస్తకం ఉంది. మొదటి మూడు నెలలూ అందులో ఏడో నియమం ఉండేది. మాట ఎంత కటువుగా ఉన్నా సరే, పనికొచ్చే సలహా ఒక్కటుంటే ఆ జవాబు సాయమే. తర్వాత పిచ్చుక ఒకటి గమనించింది. తిట్టి సలహా ఇస్తే, ఆ సలహా ఎంత సరైనదైనా, అడిగినవాళ్ళు మళ్ళీ ఆ వేదిక గడప తొక్కడం లేదు. పట్టుబట్టి ఆ నియమం కొట్టేయించింది. థీసిస్ మొత్తం దాని మీదే నిలబడింది, పేరొచ్చిందీ దానికే. కొట్టేసిన నియమం బయట ఎక్కడా అచ్చు కాలేదు. అది తెలిసినవాళ్ళు ముగ్గురే. పిచ్చుక, తను, ప్రొఫెసరు గారు.

"ముగ్గురు," అన్నాడు శిష్యుడు లోపలికి వస్తూ. "ఒకరు బాధితురాలు. ఒకరు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నలభై మంది పిల్లల ముందు క్లాసులో ఉన్నారు. ఇంకొకరు ఇదిగో ఇక్కడ, తన కంప్యూటర్ ముందు. మీ ఇద్దరూ ఒకే ఏడు చేరారు కదమ్మా. నీ థీసిస్ ఎందాకా వచ్చింది?"

"ఆగిపోయింది," అంది రెండో పెన్సిల్.

"ఆమెది పూర్తయింది. పత్రికలో వ్యాసమొచ్చింది. అందులో నీ పేరు రచయితగా లేదు."

"లేదు. చివర్న ధన్యవాదాల్లో ఉంది." ఆమె తలెత్తింది. "నాకు అసూయ ఉంది సార్. లేదని ఎందుకనాలి? ఆ వ్యాసం వచ్చిన రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను. మర్నాడొచ్చి తనకే చెప్పాను, నిన్ను చూస్తే కడుపు రగిలిపోతోందే అని. తను కాఫీ తాగుదాం పదమంది. ఈ పాడుపని నేను చేయలేదు. నా గుర్తులు నావే. మొదటి నాలుగు వేలూ కాగితం మీద పెన్సిల్తో పెట్టాను, ఆ మూడు వందలూ వాటిలోవే. ఆ పెట్టె పిచ్చుక దగ్గరుంది, కావాలంటే..."

"ప్రింటరు చూశావా?" అని గడియారం శిష్యుడి మీదికి తిరిగాడు. రెండో పెన్సిల్ మాట సగంలో తెగిపోయింది. ఆ క్షణాన గడియారానికి పెట్టె కంటే, శిష్యుడి నోరు మూయించడం ముఖ్యమైంది. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుని తనని తాను తిట్టుకోవలసి వచ్చింది.

నాలుగుసార్లు కాగితం ఇరుక్కున్న వేళలు ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పాడు. ఒక మనిషి ఒకే నిమిషంలో వరండాకి రెండు చివర్లా ఉండటం ఏ విభాగంలో నేర్పారని అడిగాడు. శిష్యుడు ఓపిగ్గా విన్నాడు. దారిన పోయేవాళ్ళెవరైనా మూత తెరిచి లాగి ఉండొచ్చు కదా అన్నాడు. నాలుగుసార్లూ దారిన పోయేవాళ్ళేనా అన్నాడు గడియారం. గొంతు అక్కర్లేనంత పెరిగింది. వరండాలో పిచ్చుక లేచి నిలబడింది.

శిష్యుడు అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు.

"గురువుగారూ, ఒకమాట. మీరు నిజం వెతుకుతున్నారా, నా తప్పు వెతుకుతున్నారా?"

గడియారం చూపు తిప్పుకుని వరండా చివరి ప్రింటరు వైపు చూశాడు.

"ఒంటిగంటన్నరకి ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను. ఆ లోపల నలభై మంది సాక్షుల్ని దాటే మాట మీ దగ్గరేదైనా ఉంటే ఫోన్ చేయండి, పరిగెత్తుకొస్తాను. ఉట్టి కోపంతో మాత్రం చేయకండి," అని శిష్యుడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే గడియారానికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తగలడానికి కారణం అది అబద్ధం కాకపోవడం.

ప్రొఫెసరు గారి గది వరండా మధ్యలో ఉంది. ఆయన లేచి ఎదురొచ్చి, కుర్చీ చూపించి, మంచినీళ్ళ గ్లాసు తనే అందించాడు. అరవై దగ్గరి మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా. బల్ల మీద పిల్లలు రాసిన చిన్న పరీక్ష కాగితాల దొంతర ఉంది. బల్ల పక్కన పాత ప్రశ్నపత్రాలు ముక్కలు చేసే యంత్రం, బల్ల కింద నీలం తాడు కట్టిన అట్టపెట్టె.

"మా అమ్మాయే అనుకోండి. నేనే తీర్చిదిద్దాను. చురుకైన పిల్ల, కాస్త తొందరెక్కువ. పెద్దవాళ్ళ మాట మీద నిలబడదు, అంతే. ఇలా జరగడం నాకెంత అవమానమో చెప్పలేను," అన్నాడు.

పొద్దున మీరెక్కడున్నారని గడియారం అడిగాడు. ఎనిమిదిన్నర నుంచి క్లాసు, కావాలంటే పిల్లల్ని అడగండి అన్నాడాయన, చిన్నబుచ్చుకున్నట్టు. రెండో పెన్సిల్‌ని పొద్దున అచ్చు తీయడానికి రమ్మన్నదెవరని అడిగితే, ఎనిమిదీ పదికి తనే సందేశం పెట్టానన్నాడు. వైవా రోజు కాపీలు లేకపోతే పరువు పోతుంది కదా.

ఆయనకి ఫోనొచ్చి కిటికీ వైపు తిరిగాడు. గడియారం లేచి పుస్తకాల అర ముందు నిలబడ్డాడు. పిచ్చుక వ్యాసం వచ్చిన పత్రిక అక్కడుంది. చేతిలోకి తీసుకోగానే అది దానంతటదే ఒకచోట తెరుచుకుంది. పదేపదే ఒకే పేజీ తెరిచిన పుస్తకం అలాగే తెరుచుకుంటుంది. వ్యాసం మొదలు కాదు, పట్టికలు కాదు. చిట్టచివరి పేజీ, ధన్యవాదాలు. మొదట వేదికలో రాసిన జనానికి, తర్వాత రెండో పెన్సిల్‌కి, మూడోచోట ప్రొఫెసరు గారికి. ఆయన పేరు కింద ఎవరో పెన్సిల్తో గీత గీశారు. ఒకసారి కాదు, చాలాసార్లు, కాగితం అవతలి వైపు దాకా సొట్టపడేలా.

గడియారం ఆ సొట్టని వేలితో తడిమాడు. ఆ గీత గీసిన చేతిని అతను ఎరుగును. తన ఇంట్లో బీరువా అరలో పరిచిన పేపర్లో, "పని నేర్పిన పెద్దలందరికీ" అన్న చోట అలాంటి గీతే ఒకటుంది. భార్య ఇంకా చూడలేదు.

పత్రిక పెట్టేసి బల్ల వైపు చూశాడు. పరీక్ష కాగితాల మీద పిల్లలందరూ పైన ఒకే వరస రాసుకున్నారు. ఇవాళ్టి తేదీ, సమయం 8.35 నుంచి 8.50. పావుగంట పాటు నలభై తలలూ కాగితంలోనే ఉన్నాయన్నమాట. అప్పుడు పంతులు గదిలో ఉన్నాడా, బయటికెళ్ళొచ్చాడా అని ఎవరు చూస్తారు? చూసినా, కాపీ కొట్టే సందు దొరికిందని సంతోషిస్తారు గానీ సాక్ష్యం చెప్పరు.

ప్రొఫెసరు ఫోను పెట్టేశాడు. గడియారం కావాలనే ఒక పుల్ల వేశాడు.

"పిచ్చుక చెప్పింది సార్. పరీక్షకుల్లో ఒకాయన ఈ థీసిస్‌ని వచ్చే ఏడు తన క్లాసులో పాఠంగా పెట్టుకుంటానన్నాడటగా. శిష్యురాలు గురువుని మించిపోయింది. మీకెంత సంతోషమో."

ఆయన చేతిలో కలం మూత రెండుసార్లు టిక్కుమంది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు దాన్ని వదిలేసి ఎటో వెళ్ళిపోయాయి.

"మీకీ పని అర్థం కాదులెండి. కిందున్న ఆఫీసరు అంత తెలివైనవాడు, ఆయన పక్కన మీరు నిలబడితే చూడటానికే బాగోలేదు. వయసు మళ్ళిన మనిషి, ఎవడో మానేసిన కేసులకి ఎగబడి ఏం సాధిస్తారు? అన్నట్టు ఎడమవైపు లిఫ్టు పనిచేస్తోంది. దిగేటప్పుడు దాన్లో వెళ్ళండి, మోకాళ్ళు మిగుల్తాయి."

గడియారం నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. రెండు తిట్లు, ఒక సలహా. సలహా మంచిదే. లిఫ్టు నిజంగానే పనిచేస్తోంది. ఏడో నియమం ప్రకారం ఆయన ఇప్పుడు తనకి సాయం చేశాడు. ఎనిమిది నెలలుగా పిచ్చుకకీ అలాగే సాయం చేస్తున్నాడు. తను వైరి అని ఏ పట్టికలోనూ పడకూడదని ఆయన తాపత్రయం. తను గురువు, మేలుకోరేవాడు, మాట కాస్త కటువు, అంతే. కొట్టేసిన నియమాన్ని ఆ మనిషి ఒక్కడే ఇంకా పాటిస్తున్నాడు, దాన్ని కొట్టేసిన పిల్ల మీదే.

అదే అంతస్తులో ఆయన పొద్దున క్లాసు తీసుకున్న గది గుమ్మం నుంచి ల్యాబు దాకా నడిచి చూశాడు. యాభై రెండు అడుగులు, నిమిషం కూడా పట్టలేదు. వరండా మలుపు వల్ల ప్రింటరు ఉన్న చివర నుంచి ఈ దారి కనపడదు. అప్పుడు టైము ఒంటిగంట ఇరవై.

పిచ్చుక అదే బల్ల మీద కూర్చుని ఉంది. గడియారం పక్కన కూలబడ్డాడు.

"నీ దగ్గర ఒక పెట్టె ఉందట, పెన్సిల్ గుర్తులున్నవి. ఎక్కడ పెట్టావు?"

"పొద్దున ఇంటికెళ్ళి తెచ్చాను బాబాయ్. పరీక్షకులకి తనే చూపిస్తానన్నారు సారు, భద్రంగా ఉంటాయని ఆయనకిచ్చాను. దారిలో ఊడిపోతుందని నీలం తాడు కూడా కట్టాను."

గడియారం కళ్ళు మూసుకున్నాడు. ఆ తాడు తను చూశాడు. రెండు గజాల దూరంలో కూర్చుని చూశాడు. రెండో పెన్సిల్ మాట మధ్యలో తుంచకుండా ఉండి ఉంటే ఆ పెట్టె ఇప్పుడు తన ఒళ్ళో ఉండేది. పైగా పుల్లవేసి ఆ మనిషిని రెచ్చగొట్టి వచ్చాడు.

పిచ్చుక చేతిలో ఫోను మోగింది. చూసి గడియారం చేతికిచ్చింది. ముల్లు దగ్గర్నుంచి నలభై నాలుగో సందేశం. ఒక్కటే వాక్యం.

"నీ బతుకు ఇవాళ్టితో సరి."

గడియారం దాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. సలహా కోసం వెతికాడు. లేదు. మొదటిసారి ఒక్క ముక్క సలహా కూడా లేదు. అదే సమయానికి వరండా మధ్యలో మూసిన తలుపు వెనక యంత్రం గర్రుమంటూ మొదలైంది.

పరిగెత్తి తలుపు మీద దబదబ బాదాడు. లోపల గడియ వేసి ఉంది. యంత్రం ఒక గుక్క మింగింది, ఆగింది, మళ్ళీ మింగింది. ఈ తలుపు తీయించే అధికారం గడియారానికి పోయి ఆరేళ్ళయింది. అది ఉన్నవాడు రెండు అంతస్తుల కింద ఉన్నాడు. ఫోన్ చేస్తే వస్తాడు. వచ్చి తలుపు తీయిస్తాడు, దొంగని పట్టుకుంటాడు, ఎల్లుండి పేపర్లో అతని ఫోటోనే పడుతుంది. తన ప్రింటరు చిట్టా, తన ఏడో నియమం, తన యాభై రెండు అడుగులూ కలిపి చివర్లో "పెద్దలందరికీ" అవుతాయి.

బొటనవేలు పేరు మీద ఆగిపోయింది. యంత్రం ఇంకో గుక్క మింగింది. పక్కన పిచ్చుక అతని మొహం కేసే చూస్తోంది, చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పుడు చూసినట్టు.

నొక్కాడు.

"చెప్పండి గురువుగారూ."

"నలభై మంది సాక్షుల్నీ దాటాను నాయనా. ప్రొఫెసరు గది. సాక్ష్యం ముక్కలు చేస్తున్నాడు. ఎడమవైపు లిఫ్టు ఎక్కు, పనిచేస్తోంది."

అవతల ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పరిగెత్తే బూట్ల చప్పుడే వినిపించింది.

లోపల యంత్రం ఆగింది. గడియ తీసిన చప్పుడైంది. ప్రొఫెసరు తలుపు సగం తెరిచి, చొక్కా మీద పడ్డ కాగితపు పొట్టు దులుపుకుంటూ, ఏమిటీ గోల అన్నాడు. గడియారం తలుపు సందులో చెప్పుకాలు పెట్టాడు. ఆయన భుజం మీదుగా లోపలికి చూశాడు. నీలం తాడు నేల మీద ఉంది. పెట్టె తెరిచి ఉంది. అడుగున కాగితాలు ఇంకా ఉన్నాయి, సగమో, అంతకంటే తక్కువో.

ఆ మూడు వందలూ మిగిలిన సగంలో ఉన్నాయో, పోయిన సగంలో ఉన్నాయో తెలియదు. తను ఫోను పట్టుకుని ఆలోచించినంతసేపూ ఎన్ని పోయాయో అదీ తెలియదు.

పిచ్చుక ముందుకొచ్చింది. ఏడవడం లేదు. ఫోను ఆయన కళ్ళ ముందు పట్టుకుంది.

"సార్, ఇందులో సలహా లేదు. ఇది ఏ గుర్తు?"

ప్రొఫెసరు చూపు ఆ వాక్యం మీద పడింది. ముప్ఫయ్యేళ్ళు విద్యార్థుల కాగితాలు దిద్దిన మనిషి, అలవాటుగా పై నుంచి కింది దాకా చదివాడు. పెదవులు కదిలాయి. ఇది నాది కాదు అనలేదు, ఎవరు పంపారని అడగలేదు.

"ఏడో నియమం నువ్వే కదమ్మా తీసేయమన్నావు, ఇక సలహా దేనికి?" అన్నాడు.

వరండా చివర లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.